బండి ముక్కు బరువు

ఆ వీధిలో అందరూ ఆవిడని కొరివి అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎదురుగా అనగలిగిన మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు చేసే వెల్డింగు షాపు ఆవిడది. నోటికీ చేతికీ మధ్య అడ్డుగోడ లేని మనిషి. మాట పూర్తయ్యేలోపే దెబ్బ పడిపోయేది. ఒకసారి ఇనుప కొట్టు గుమాస్తా ఒకడు తుప్పు పట్టిన గొట్టాలకి పైపైన రంగేసి అంటగట్టబోయాడు. ఆవిడ ఆ గొట్టాల్లోంచే ఒకటి లాగి వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. వాడు కుప్పకూలాడు, గొట్టం వంగింది. "నీ కాలే నయంరా. నీ సరుకే పుచ్చు," అని ఆ గొట్టాన్ని వాడి ఒళ్ళో పడేసి వచ్చేసింది. ఆ తర్వాత వాడు కుంటుతూనే అయినా మంచి సరుకు పంపాడు.

ఇదేం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇంట్లో రోజూ వడ్డించినదే. ఆవిడ తండ్రికి పని నేర్పే పద్ధతి ఒకటే తెలుసు. పట్టకారు వంకరగా పట్టుకుంటే వేళ్ళ మీద, కొలత తప్పితే వీపు మీద, ఎదురు చెబితే ఎక్కడ దొరికితే అక్కడ. షాపు మూలన ఒక పలచటి ఊచ ఉండేది. దాన్ని ఆయన ఏనాడూ ఏ గేటుకీ వాడలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా పాకే పసివాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. నాన్న ఊచ తీస్తే మధ్యలోకి దూరి, వాడి వంతు దెబ్బలు కూడా తనే తినేది.

తండ్రి పోయాక ఆయన పనిముట్లన్నీ ఆవిడకి వచ్చాయి. ఊచ కూడా వచ్చింది. దాన్ని వంచి పాత ఇనుములో పారేసింది కానీ ఏం లాభం, తండ్రి చెయ్యి మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఏ దెబ్బల నుంచి తమ్ముణ్ణి కాచుకుందో ఆ దెబ్బలే తను కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున కొట్టేది, సాయంత్రం వాడికి ఇష్టమైనది వండి కొసరి కొసరి పెట్టేది. అదీ ప్రేమేనంటే ప్రేమే, కాదనను. ఒళ్ళు వాచిపోయే ప్రేమ.

తయారైన గేటు గిరాకీ ఇంటికి చేరాలంటే బండి కావాలి. లారీ పెట్టే స్తోమత లేక, తండ్రి తన రోజుల్లోనే ఒక పాత ఇరుసు, రెండు చక్రాలు సంపాదించి చిన్న ట్రైలరు ఒకటి తయారుచేశాడు. దానికంటూ బ్రేకుల్లేవు. లాగేది ఇంట్లో ఉన్న చిన్న కారు. కారు వెనక బంతిలాంటి ఇనుప ముద్ద ఒకటి బిగించి ఉంటుంది. ట్రైలరు ముందుకి పొడుచుకొచ్చిన దూలాన్ని వాళ్ళు ముక్కు అనేవాళ్ళు. ఆ ముక్కుని ఎత్తి బంతి మీద కూర్చోబెట్టి తాళం వెయ్యాలి. అంతే పని, కానీ అందులోనే అంతా ఉంది.

"ముక్కు బరువుగా ఉండాలి," అనేవాడు తండ్రి. "ఎత్తితే మూలుగు రావాలి. బరువంతా ఇరుసుకి కాస్త ముందు పడేట్టు సర్దు. వెనక్కి సర్దావంటే ముక్కు తేలిపోతుంది, ఎత్తడానికి హాయిగానే ఉంటుంది, రోడ్డు మీద చంపుతుంది." ఇంకోటి కూడా చెప్పేవాడు. "పరుగులో అది తోక ఊపడం మొదలెడితే బ్రేకు తొక్కకు. స్టీరింగుతో కుస్తీ పట్టకు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, చేతులు తిన్నగా పెట్టి, నోరు మూసుకుని కూర్చో. అదే అలిసిపోతుంది." మాట మాటకీ ఒక దెబ్బ. అందుకే ఆవిడకి పాఠం ఒళ్ళంతా గుర్తుంది. దెబ్బకి దెబ్బ తియ్యకూడని చోటు ఈ లోకంలో ఆవిడకి తెలిసింది అదొక్కటే.

కాబట్టి సామాను ఎవరు ఎక్కించినా ముక్కు ఎత్తి చూడకుండా ఆవిడ కారెక్కేది కాదు. ఎక్కించేది తమ్ముడు. వాడు ఎక్కించాక ఆవిడ వచ్చి వంగి, రెండు చేతులా ముక్కు ఎత్తి, బరువు చూసుకునేది. ప్రతిసారీ వాడి మొహం మాడిపోయేది. "ఇన్నేళ్ళొచ్చినా నా మీద నమ్మకం లేదా అక్కా?" అనేవాడు. "నమ్మకం ఉంటే బతకంరా," అనేది. అక్కడ మొదలయ్యేది గొడవ.

ఒకరోజు తమ్ముడు ముక్కు కింద వేలాడే గొలుసు తగిలించడం మరిచిపోయాడు. బంతి మీంచి ముక్కు ఊడినా బండి విడిపోకుండా పట్టి ఉంచేది ఆ గొలుసే. నడిరోడ్డు మీద అది నేలకి రాసుకుని నిప్పులు రాలుస్తుంటే, వెనక వచ్చే బస్సువాడు హారను మోగించి చూపించాడు. ఆవిడ కారు పక్కకి తీసింది, దిగింది, జాకీ రాడ్డు తీసింది. బస్సు నిండా జనం చూస్తున్నారన్న స్పృహ కూడా లేదు. తమ్ముడు చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రాడ్డు కుడి మణికట్టు మీద పడింది. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడయింది. వాడు రోడ్డు మీద అలా కూలబడి చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు మరదలు షాపుకొచ్చింది. తమ్ముడి పెళ్ళాం, బట్టలు కుట్టే మనిషి, గట్టిగా మాట్లాడితే సూది విరుగుతుందేమో అన్నట్టుండే పిల్ల. కట్టు కట్టిన చేత్తో మొగుడు వెనక నిలబడ్డాడు.

"వదినా, ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను," అంది.

"ఏంటట?"

"ఇంకొక్క దెబ్బ ఈయన మీద పడిందంటే మా సామాను సర్దుకుని మా దారిన మేం పోతాం. మళ్ళీ ఈ గుమ్మం తొక్కం. ఈయన ఒప్పుకున్నాడు."

కొరివికి ఒళ్ళు భగ్గుమంది. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది. ఆ మొహంలో కోపం లేదు, బతిమాలుకోవడం లేదు, వర్షం వస్తుందో రాదో చూసే మనిషిలా ఊరికే చూస్తున్నాడు. ఆవిడకి వాడు తప్ప ఎవరున్నారు? పెళ్ళి చేసుకోలేదు, చుట్టాలందరినీ ఎప్పుడో తన్ని తగలేసింది. వాడు పోతే ఆ షాపులో మాట్లాడటానికి మిగిలేది సుత్తీ దాగలీ. "కొట్టను," అంది. ఆ ఒక్క మాట అని, లేచిన చెయ్యి దించుకుంది.

చెప్పొద్దూ, మాట మీద నిలబడింది. కోపం వస్తే షాపు వెనక్కి వెళ్ళి అక్కడున్న పాత డ్రమ్ముని తన్నేది. ఆ డ్రమ్ము సొట్టలు పడి, నలిగి, చివరికి చాపలా అయిపోయింది. పక్క షాపు పంక్చర్లవాడు, "అక్కా, ఇంకో డ్రమ్ము తెప్పించమంటావా?" అని అడిగాడు. వాడి చెంప చెళ్ళుమంది. తమ్ముణ్ణి కొట్టనంది కానీ ఊరందరినీ కొట్టననలేదుగా.

కట్టు విప్పాక తమ్ముడు పనిలోకి వచ్చాడు. "చెయ్యెలా ఉందిరా?" అంటే, "బాగానే ఉంది," అన్నాడు. ఒకసారి మాత్రం, "ముక్కు కింద చిన్న చక్రం ఒకటి పెట్టించుకుందామా? ఎత్తే పని ఉండదు, పిడి తిప్పితే ముక్కు అదే లేస్తుంది," అని అడిగాడు. "ఏం, దేవుడిచ్చిన చేతులు అరిగిపోతున్నాయా?" అంది ఆవిడ. వాడు మళ్ళీ అడగలేదు.

ఆ రోజు కొండ దిగువన కడుతున్న ఒక ఇంటికి గేటు బిగించి రావాలి. రెండు రెక్కల గేటు, దానికి స్తంభాలు, వెల్డింగు మిషను, స్తంభాలు పాతడానికి సిమెంటు బస్తాలు. పొద్దున్నే గేటు రెక్కలకి బందులు బిగించే దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఆవిడ పళ్ళు పటపట కొరుక్కుని వెనక్కి వెళ్ళి, నలిగిన డ్రమ్ముని ఇంకాస్త నలిపి, మొహం కడుక్కుని వచ్చింది. అప్పటికి తమ్ముడు సామానంతా ఎక్కించి, తాళ్ళు బిగించి, కారు వెనక్కి తెచ్చి, ముక్కు తగిలించేశాడు. గొలుసు తగిలించాడు. వెనక దీపాల వైరు గుచ్చాడు. టైర్లలో గాలి కూడా చూసినట్టున్నాడు, గాలి పంపు పక్కనే పడి ఉంది. అన్నీ చేసి, "ఇప్పుడు నా తప్పు పట్టుకో చూద్దాం," అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తాళం విప్పి, ముక్కు ఎత్తి చూడాలి. చూస్తే వాడు మాటంటాడు. వాడంటే తను ఊరుకోదు. పొద్దుటి కోపం ఇంకా చేతి వేళ్ళలోనే ఉంది, ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఇవాళ నోరెత్తితే చెయ్యి కూడా లేస్తుంది. లేస్తే వాడు పోతాడు. "పద," అని కారెక్కింది. జన్మలో మొదటిసారి గొడవ వద్దనుకుని చేసిన పని అది. ఎంత మంచి పని చేశానో అనుకుంది, పాపం.

ఊళ్ళో ఉన్నంతసేపూ ఏం తెలియలేదు. కొండ దారి ఎక్కేటప్పుడూ తెలియలేదు. వాలు మొదలయ్యాక కారు వెనక భాగాన్ని ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు అనిపించింది. స్టీరింగు చేతిలో వదులుగా ఆడింది. "గాలేమో," అనుకుంది. ఇంతలో వెనకనుంచి పెద్ద లారీ ఒకటి హోరుమని దాటుకుంటూ పోయింది. దాని గాలి తగిలి ట్రైలరు ఒకసారి అటు ఊగింది. మళ్ళీ ఇటు ఊగింది. మూడోసారి ఊగేటప్పటికి కారు తోక పట్టుకుని ఈడ్చేసింది.

అద్దంలో గేటు రెక్కలు కుడి పక్కన కనిపిస్తాయి, మాయమవుతాయి, ఎడమ పక్కన కనిపిస్తాయి. ప్రతి ఊపుకీ మెడ విరిగేట్టు కుదుపు. తాడు ఒకటి తెగి కారు వెనక అద్దాన్ని కొరడాలా కొట్టింది, అద్దం బద్దలై ఆవిడ మెడ మీదుగా రవికలోకి రాలింది. ఒక పక్క కొండ రాయి. ఇంకో పక్క, తమ్ముడు కూర్చున్న వైపు, మోకాలెత్తు గోడ, దాని కింద లోయ. ఆవిడ కాలు బ్రేకు మీదకి పోబోయింది. నాన్న ఊచ వీపు మీద పడ్డట్టయింది. కాలు వెనక్కి తీసేసుకుంది. చేతులు తిన్నగా పెట్టి, దవడలు బిగించి, నోరు మూసుకుని కూర్చుంది. పుట్టాక అంత కష్టమైన పని ఆవిడ చెయ్యలేదు. ఎవడో ఎడాపెడా వాయిస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే అది. కానీ కారు వేగం తగ్గుతోంది. ఊపు చిన్నదవుతోంది. అలిసిపోతోంది, నాన్న చెప్పినట్టే.

సరిగ్గా అప్పుడు తమ్ముడి గుండె చెదిరిపోయింది. "అక్కా, పోతున్నాం," అంటూ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని తన వైపుకి లాగాడు.

కారు గోడ వైపు తిరిగింది. ట్రైలరు వెనకనుంచి అడ్డంగా వచ్చేసింది. "వదలరా," అంది ఆవిడ. వదల్లేదు. మోచెయ్యి లేచింది. ఉన్న బలమంతా పెట్టి వాడి మూతి మీద కొట్టింది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైంది. ఆవిడ దాన్ని తిన్నగా తిప్పి పట్టుకుంది. ట్రైలరు మూల గోడని గీరుకుంటూ పోయింది, నిప్పులు లేచాయి, గేటు రెక్క ఒకటి తాళ్ళు తెంపుకుని గోడ మీదుగా ఎగిరి లోయలో పడింది. పడ్డ చప్పుడు చాలా ఆలస్యంగా వినిపించింది. కారు ఇంకాస్త దూరం ఈడ్చుకుంటూ పోయి, రోడ్డు పక్క కంకర కుప్పలో దూరి ఆగింది.

ఇద్దరూ బతికే ఉన్నారు. తమ్ముడి పై పెదవి చీలిపోయి ముందు పన్ను వేలాడుతోంది, చొక్కా ముందంతా ఎర్రగా తడిసింది. చేతివేళ్ళ కణుపులు కూడా చెక్కుకుపోయాయి. దేనికి కొట్టుకున్నాయో అనుకుంది ఆవిడ. తన పైట చెంగు చింపి వాడి నోటికి అదిమిపెట్టి, దిగి వెనక్కి వెళ్ళింది. తాళం విప్పి ముక్కు పట్టుకుంది. ఒక్క చేతికే లేచి వచ్చింది. సిమెంటు బస్తాలు, వెల్డింగు మిషను, అన్నీ వెనక చెక్కకి ఆనించి పేర్చి ఉన్నాయి.

"ఒరేయ్," అంది. "తెలిసి తెలిసి ఇలా ఎక్కిస్తావా? చిన్నపిల్లాడివా నువ్వు?"

తమ్ముడు కారు దిగి, తన కుడి చెయ్యి చాపి పిడికిలి బిగించబోయాడు. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. "ఇంతకంటే మూసుకోదక్కా. ముక్కు బరువుగా ఉంటే నేనెత్తలేను. చెబితే ఏమంటావో తెలుసు. అందుకని కొంచెం వెనక్కి జరుపుతున్నాను. నువ్వెలాగూ ఎత్తి చూస్తావు కదా, మరీ తేలికైతే తిట్టి సరిచేస్తావు కదా అనుకున్నాను. ఇవాళ చూడలేదు నువ్వు."

ముక్కు ఆవిడ చేతిలో అలాగే ఉంది, తేలిగ్గా.

ఇంటికి ఎలా చేరారో ఆ గొడవంతా ఎందుకు, ఎవరో వ్యానువాడు పుణ్యం కట్టుకున్నాడు. మరదలు కుట్టు మిషను ముందునుంచి లేచి మొగుడి మొహం చూసింది. పన్ను చూసింది. వదిన వైపు తిరిగింది. "ఇది కారు తగిలి అయింది కాదు," అంది.

"కాదు. నేనే కొట్టాను," అంది కొరివి. దాచాలని ఆవిడకి తోచనే లేదు. నిజానికి కాస్త గర్వంగానే ఉంది. జన్మలో కొట్టిన దెబ్బలన్నిటిలోకీ న్యాయమైన దెబ్బ అదొక్కటే అని దారంతా అనుకుంటూ వచ్చింది. "స్టీరింగు పట్టుకుని లోయలోకి లాగుతున్నాడు. వదలమంటే వదల్లేదు. కొట్టి వదిలించాను. లేకపోతే ఈపాటికి మా ఇద్దరి కోసం ఏడుస్తూ ఉండేదానివి."

మరదలు గిన్నెలో నీళ్ళు తెచ్చి మొగుడి మొహం తుడుస్తూ, "అలా అయితే ఆ దెబ్బ నేను లెక్కపెట్టను వదినా. ప్రాణం కోసం కొట్టావు. కూర్చో, నీ మెడ నిండా గాజు పెంకులున్నాయి, తీస్తాను," అంది.

కొరివికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చుంది. గండం గడిచిందనుకుంది. తమ్ముడు ఉంటాడు. రేపే ముక్కు కింద చక్రం పెట్టించాలి, మంచి డాక్టరుకి వాడి చెయ్యి చూపించాలి అని ఏవేవో అనుకుంటోంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. పెదవి వాచి మాట ముద్దగా వస్తోంది. "నువ్వు కొట్టేటప్పటికే వదిలేశాను."

"ఏంటి?"

"నీ మోచెయ్యి లేవడం చూశాను. లేవగానే చేతులు రెండూ వాటంతటవే మొహం మీదకి వచ్చేశాయి. చిన్నప్పట్నుంచీ అలవాటేగా. లోయ కళ్ళముందే ఉంది. అయినా నీ చెయ్యే కనిపించింది నాకు. స్టీరింగు అప్పుడే వదిలేశాను. ఆ తర్వాత కొట్టావు."

కాదు అని అరవబోయింది. కానీ మోచేతికి గుర్తుంది. దానికి ముందు తగిలింది పెదవి కాదు, వేళ్ళు. గట్టిగా, ఎముకలు తెలిసేట్టు. ఆ వేళ్ళ మీదనుంచే దెబ్బ మూతికి దిగింది. చెక్కుకుపోయిన కణుపులు ఎదురుగానే ఉన్నాయి. మరదలు మొగుడి చేతుల్ని తన చేతిలోకి తీసుకుని, వాటిని ఒక్కొక్కటిగా చూసి, గిన్నె కింద పెట్టింది.

"చెప్పకపోయినా అయిపోయేది," అన్నాడు తమ్ముడు. "చెప్పకపోతే రేపు మళ్ళీ ఇదే న్యాయం అనుకుంటావు. నువ్వు నన్ను పెంచావు, నాన్న దెబ్బలకి అడ్డం పడ్డావు, అవన్నీ నాకు తెలుసు. కానీ నేను చావుకంటే నీకే ఎక్కువ భయపడుతున్నానక్కా. అలా ఎన్నాళ్ళుంటాను?"

కొరివి ఎవర్నీ కొట్టలేదు. డ్రమ్ము దగ్గరకి కూడా పోలేదు.

వాళ్ళు పక్క ఊళ్ళో ఇల్లు చూసుకున్నారు. సామాను తీసుకెళ్ళడానికి బండి మాట్లాడబోతే, "నా బండి ఉందిగా," అంది ఆవిడ. మరదలు మొగుడి వైపు చూసింది, వాడు తలూపాడు. అప్పటికే కారుకి కొత్త అద్దం పడింది. ట్రైలరు చెక్కలు మార్చింది. ముక్కు కింద చిన్న చక్రం కూడా పెట్టింది, తనే వెల్డింగు చేసి.

సామాను తమ్ముణ్ణి ముట్టుకోనివ్వలేదు. కుట్టు మిషను, బియ్యం డబ్బా, ఇనుప బీరువా ఇరుసుకి కాస్త ముందు పడేట్టు పెట్టింది. పరుపులు, దుప్పట్లు వెనక్కి వేసింది. గొలుసు తగిలించే ముందు ముక్కు ఎత్తి చూసింది, మూలుగు వచ్చింది. "నువ్వు కూడా చూడరా," అంది. తమ్ముడు ఎడం చేత్తో ప్రయత్నించి, "లేవట్లేదు. బాగుంది," అన్నాడు. ఇద్దరూ చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వారు.

ఇక పైన తాడు వేసి బిగించడమే మిగిలింది. తమ్ముడు ట్రైలరుకి ఇవతల, ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆవిడ తాడు చుట్ట చేతిలోకి తీసుకుని, బీరువా మీదుగా అవతలకి విసరడానికి చెయ్యి పైకెత్తింది.

తమ్ముడి చేతులు రెండూ మొహం మీదకి వెళ్ళాయి.

వెళ్ళాక వాడికే తెలిసింది. దించుకుని, వేరే ఎటో చూస్తూ, "ఏం లేదక్కా, ఎండ," అన్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆవిడ ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, తాడు పట్టుకుని ట్రైలరు చుట్టూ నడిచి అవతలి పక్కకి వెళ్ళింది. మిగతా ముళ్ళన్నీ అక్కడనుంచే వేసింది.